నేను బిగించిన బెల్టు

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పదహారేళ్ళుగా అదే పని. బలం, ఘర్షణ, తన్యత అంటూ బోర్డు నిండా నేను గీసే బొమ్మలు చూసి, తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఒకసారి తల కూడా ఊపాడు. నిద్రమత్తులో ఊపాడని మా హెడ్మాస్టరు తర్వాత చెప్పాడు గానీ, అప్పటికే ఆ ఊపు నా తలకెక్కింది. కారుకు టైమింగు బెల్టు మార్చడం నాలాంటివాడికి ఒక ఆదివారం పని అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల మా ఆవిడకు వచ్చిన ఉద్యోగం కొద్దిలో చేజారిపోయేది.

ముందు ఆ ఉద్యోగం సంగతి చెప్పాలి. మా ఆవిడ లెక్కల్లో ఎమ్మెస్సీ, ఆపైన బీఈడీ. పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. పాప పుట్టడం, మా నాయన జబ్బు, మా అమ్మ మోకాళ్ళ ఆపరేషను, ఇట్లా ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. నేనెప్పుడూ ఉద్యోగం వద్దనలేదు. ‘చేద్దువులే’ అన్నాను. ఏడాదికొకసారి చొప్పున పన్నెండుసార్లు అన్నాను. చివరికి నాతో చెప్పకుండానే దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి, కుప్పం దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో లెక్కల టీచరుగా ఎంపికైంది. సోమవారం పదకొండు గంటలలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, రాకపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తాం అని ఆర్డరులో ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడే ఉండాలి, శనివారం మధ్యాహ్నం ఇంటికి రావచ్చు. ఆ కాగితాన్ని నేను నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ‘అక్కడే ఉండాలి’ అన్న దగ్గర కాసేపు ఆగాను.

“పొద్దన్నే ఆరున్నర బస్సుకు పోతా,” అంది మా ఆవిడ. “ఈడ ఎక్కితే మళ్ళా కుప్పంలో దిగేదే. మారే పని లేదు.”

“మన కారు ఉండంగా బస్సు యాల? నేనే తోలకపోతా.”

“నువ్వు బడికి సెలవు పెట్టద్దప్పా. నేను పోతాను గదా.”

“మొదటిరోజు నేను రాకుండా ఎట్లా?”

ఆమె ‘సరే’ అంది. మా కాపురంలో ‘సరే’లు చాలా రకాలున్నాయి. ఇది మాట పెంచడం దండగ అనుకున్నప్పుడు అనే రకం. నేను దాన్ని సంతోషం అనుకున్నాను.

మా కారు మా పాప కంటే పెద్దది. ఇంకో మాస్టరు దగ్గర కొన్న పెట్రోలు బండి. దాని బాగోగులన్నీ పుంగనూరులో మా బావ చూస్తాడు. మా అక్క మొగుడు. పలమనేరుకు పోయే దారి మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని మెకానిక్కు పని చేస్తాడు. చదివింది ఏడో తరగతి. బండి వచ్చి ఆగుతుండగానే, మూత ఎత్తకుండానే జబ్బు చెబుతాడు. అది చాలదన్నట్టు నన్ను చూస్తే ఆయనకు నోరు దురద పెడుతుంది. అంతకు ముందు నెల బండి చూపించడానికి పోతే బెల్టు తడిమి, “పగుళ్ళిచ్చింది బామ్మర్దీ. దూరాబారం పోవద్దు. ఒక ఆదివారం తీసకరా, మార్చిస్తా,” అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. షెడ్డులో కూర్చుని ఉన్న ఇద్దరు ట్రాక్టరు డ్రైవర్ల వైపు తిరిగి, “మా బామ్మర్ది సైన్సు సారు. స్పానరు ఇస్తే దాని బరువు ఎంతో చెప్తాడు. బోల్టు మాత్రం ఇప్పడు,” అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఒకడైతే టీ పొలమారేదాకా నవ్వాడు.

ఆ టీ పొలమారిన శబ్దం నాతోపాటు మదనపల్లెలో మా ఇంటిదాకా వచ్చింది. దానితోనే నిశ్చయించుకున్నాను, బెల్టు నేనే మారుస్తానని. మారుస్తే మార్చాను, దానికి పెట్టుకున్న ముహూర్తం చూడండి: మా ఆవిడ ఉద్యోగంలో చేరడానికి ఒక్కరోజు ముందు.

బెల్టును బెంగుళూరు రోడ్డులో స్పేర్ పార్టుల అంగట్లో కొన్నాను. వారం రోజులు సాయంత్రం బడినుంచి రాగానే ఫోనులో వీడియోలు చూశాను. ఒకటి తమిళం, రెండు హిందీ, ఒకదాంట్లో మనిషి మాట్లాడడు, చేతులు మాత్రం కనిపిస్తాయి. నాకు అన్నిటికంటే ఆ చేతులే నచ్చాయి. పని ఎంత తేలికగా చేశాయంటే, నా చేతులు కూడా అట్లాంటివేనన్న నమ్మకం కలిగింది.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను, పదహారేళ్ళ అలవాటు ఊరికే పోదు. ఇంజనుకు ఒక పక్క కింద ఒక పళ్ళ చక్రం, పైన ఇంకో పళ్ళ చక్రం ఉంటాయి. రెండూ ఒకదానితో ఒకటి లెక్క తప్పకుండా తిరగాలి. ఆ రెండింటినీ కలిపేది లోపలివైపు పళ్ళున్న రబ్బరు బెల్టు. పాత బెల్టు తీసినప్పుడు రెండు చక్రాలూ ఏ స్థానంలో ఉన్నాయో, కొత్తది వేసినప్పుడూ అచ్చంగా అక్కడే ఉండాలి. ఒక్క పల్లు అటు ఇటు అయినా ఇంజను రొప్పుతుంది. ఇందులో కష్టం ఏముంది? ఏమీ లేదు. నేను పిల్లలకు కూడా ఇట్లాగే చెబుతాను, ఇందులో కష్టం ఏముంది అని. వాళ్ళు నా వైపు ఎందుకు అట్లా చూస్తారో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆదివారం పొద్దున ఇంటి ముందు పాత దుప్పటి పరిచి పనిముట్లు సర్దాను. దారిన పోయే ప్రతివాడూ ఆగాడు. టమోటా మండీలో గుమాస్తాగా చేసే ఎదురింటాయన, “పుంగనూర్లో మీ బావ ఉండాడు గదా సార్?” అన్నాడు. “ఉండాడు,” అన్నాను, ఇంక మాట్లాడద్దు అన్నట్టుగా. ఆయన మాట్లాడలేదు. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, పేపరు కూడా తెచ్చుకున్నాడు.

బోల్టులు ఊడదీసి, పైమూత తీసేసరికి పదకొండయింది. చక్రాల మీద తయారీవాళ్ళే చిన్న గాటు పెట్టి ఉంటారని వీడియోల్లో చెప్పారు. మా చక్రాల మీద గాటు కాదుగదా, చక్రమే సరిగ్గా కనిపించలేదు. అంత జిడ్డు. గుడ్డ పెట్టి రెండుసార్లు తుడిచి ఓపిక చాలించాను. నా గుర్తు నేనే పెట్టుకుంటాను, కంపెనీవాడి దయ ఎందుకు అనుకున్నాను. జేబులో సుద్దముక్క ఉంది. నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. కింద చక్రం మీద ఒక గీత, పై చక్రం మీద ఒక గీత, వాటికి ఎదురుగా ఇనుము మీద ఒక్కొక్క గీత గీశాను. దూరంగా నిలబడి చూస్తే నా పనితనం నాకే ముచ్చటేసింది. టీ తాగడానికి లోపలికి పోయాను.

టీ తాగుతుండగా మా అమ్మ చేతిలో చిన్న పళ్ళెంతో బయటికి పోయి వచ్చింది. మా ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా, మిక్సీ అయినా సెల్లు చార్జరు అయినా, బొట్టు పెట్టకుండా వాడనివ్వదు. “బొట్టు పెట్టినాన్రా నాయనా. ఇంక మొదులుపెట్టు,” అంది. నేను ‘ఊఁ’ అన్నాను. ఎక్కడ పెట్టావని అడగలేదు. కొత్త బెల్టు పెట్టె మీద విభూతి, కుంకుమ కనబడ్డాయి. అంతటితో అయిపోయిందనుకున్నాను.

పాత బెల్టు లాగేటప్పుడు చాలా అవస్థ పడ్డాను. చేతులు, మోచేతులు, చొక్కా చేతులు అన్నీ ఆ చక్రాలకు రుద్దుకున్నాయి. అది ఊడి రాగానే పై చక్రం టక్కుమని కొంచెం పక్కకు తిరిగింది. ఇట్లా తిరుగుతుందని ఆ మాట్లాడని చేతులు ముందే చూపించాయి కాబట్టి నేనేమీ కంగారుపడలేదు. ఎదురింటాయన మాత్రం పేపరు దించాడు. చక్రాన్ని స్పానరుతో వెనక్కి తిప్పి, దాని మీదున్న తెల్లటి గుర్తును ఇనుము మీది గీతకు ఎదురుగా తెచ్చాను. కొత్త బెల్టు ఎక్కించాను. వీడియోల్లో చెప్పినట్టే చేత్తో ఇంజనును రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూశాను. గుర్తు గుర్తుకు ఎదురుగా వచ్చి నిలబడింది. తప్పు గుర్తు కూడా రెండు చుట్లు తిరిగితే తన చోటికే వస్తుందన్న సంగతి, భౌతికశాస్త్రం చెప్పేవాడికి ఆ క్షణాన తట్టలేదు.

ఇంక మిగిలింది బిగువు. బెల్టు పక్కన ఒక చిన్న నున్నటి చక్రం, దానికో స్ప్రింగు ఉంటాయి. బోల్టు వదులు చేస్తే స్ప్రింగే ఆ చక్రాన్ని బెల్టు మీదికి నెట్టి కావలసినంత బిగువు తీసుకుంటుంది. అప్పుడు బోల్టు బిగిస్తే చాలు. అన్ని భాషల్లోనూ ఇదే చెప్పారు. నాకు నమ్మకం కుదరలేదు. బొటనవేలంత స్ప్రింగు! మాది పుంగనూరు పక్క మెట్ట ఊరు. ఆవులు, గొర్రెల మీద బతికిన ఇల్లు. బండి మీద గడ్డి వేసి తాడు కడితే, మా నాయన ఆ తాడును లాగి చూసి, కొంచెం వదులనిపిస్తే మొత్తం విప్పించి మళ్ళీ కట్టించేవాడు. వదులంటే మా ఇంట్లో సోమరితనం. ఆ లెక్క ప్రకారం నేను స్క్రూడ్రైవరు దూర్చి, మీటలాగా ఆనించి, నా ఒంటి బరువంతా దాని మీద వేసి, ఆ చిన్న చక్రాన్ని ఇంకా నెట్టి పట్టుకుని బోల్టు బిగించాను. బెల్టును వేలితో మీటితే తంబూరా తీగలాగా పలికింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నా బిడ్డలు ఫస్టు క్లాసులో పాసయినా అంత సంతోషపడను, బిడ్డలంటే నా క్లాసు పిల్లలు.

బండి నాలుగో ప్రయత్నానికి స్టార్టయింది. స్టార్టయి వణికింది. వణుకుతూ కూసింది. సన్నగా, ఆగకుండా, దోమ చెవిలో దూరినట్టు.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ముందు ఇట్ల కూసేది కాదు గదప్పా?”

“కొత్త బెల్టు. సర్దుకుంటాది.”

“ఈ వణుకు?”

“అదీ సర్దుకుంటాది.”

వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చాను. మా వీధి పలకలాగా చదునుగా ఉంటుంది, అక్కడ ఏ బండి అయినా పోతుంది. ఎదురింటాయన కుర్చీ లోపల పెట్టుకుంటూ, “రేపు ఆరున్నర బస్సు కూడా ఉండాది సార్,” అన్నాడు. నేను విననట్టు నటించాను.

సోమవారం పొద్దున ఆరు గంటలకు బయలుదేరాం. బస్సు కంటే అరగంట ముందే పోతున్నామని నేను రెండుసార్లు చెప్పాను. వెనక సీట్లో ఆమె పరుపుచుట్ట, పెట్టె, బకెట్టు, ఊరగాయ డబ్బా. ఆమె ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. కొత్త చీర కట్టుకుంది. పాప నిద్రమొహంతో వచ్చి చెయ్యి ఊపింది. మా అమ్మ ఎదురొచ్చింది. అంతా సక్రమంగానే ఉంది, ఊరు దాటి మొదటి మిట్ట వచ్చేదాకా.

ఆ మిట్ట మీద బండి మూడో గేరులో నిలబడలేదు. రెండో గేరులో ఏడ్చింది. ఒకటో గేరులో ఎక్కింది. తొక్కితే తొక్కినకొద్దీ కూత పెరిగింది గానీ వేగం పెరగలేదు. మధ్యమధ్యలో వెనక గొట్టంలో టపాకాయ పేలినట్టు చప్పుడు. పాలవ్యాను ఒకటి మమ్మల్ని దాటింది. తర్వాత నిండా కోళ్ళ బోనులున్న ఆటో దాటింది. కోళ్ళు కూడా నా వైపు చూసినట్టే అనిపించింది. నేను పక్కకు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ, “ఇంజను వేడెక్కితే లాగుతాది,” అన్నాను. మా ఆవిడ ఫైలును ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

పుంగనూరు ఇంకో ఐదారు కిలోమీటర్లుందనగా వెనక హారను వినబడింది. ఆరున్నర బస్సు. ముందు బోర్డు మీద కుప్పం అని పెద్ద అక్షరాలతో ఉంది. అది మమ్మల్ని దాటి, వంపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆమె దాని వైపే చూసింది. తర్వాత వాచీ చూసుకుంది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. బండి గురించి కాదు. ఆ మొహం గురించి. పన్నెండేళ్ళు ఆగిన మనిషి, ఇంక ఆగడం తన వల్ల కాదని తెలిసిపోయిన మొహం అది.

పుంగనూరు దాటి పలమనేరు దారి పట్టాం. ముందు బావ షెడ్డు రేకులు కనబడుతున్నాయి. ఇక్కడ నా గొప్పతనం చెప్పాలి. బండి నడుస్తున్నది సైకిలు వేగంతో, వెనక పేలుతోంది, ముందు కూస్తోంది. అయినా నా మనసులో ఉన్న ఆలోచన ఒక్కటే: బావ చూడకుండా ఈ షెడ్డు దాటాలి.

“ఆపు,” అంది మా ఆవిడ.

“పలమనేరు దాకా పోతే అంతా...”

“ఆపమంటాండా గదా! నేను పోతాండేది ఉద్యోగంలో చేరేదానికి. నీ బెల్టుకు పరీక్ష పెట్టేదానికి కాదు.”

ఆపాను. బావ అప్పటికే రోడ్డు మీదికి వచ్చి నిలబడి ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. మేము ఊళ్ళో ఉండగానే కూత విన్నాడట. “ఎవురు బిగించింది ఇది?” అన్నాడు. నేనే అన్నాను. ఇంక మొదలవుతుందనుకుని పళ్ళు బిగపట్టుకున్నాను. ఆయన నవ్వలేదు. మా ఆవిడ చేతిలో ఫైలు చూశాడు, వెనక పరుపుచుట్ట చూశాడు, అంతా అర్థం చేసుకున్నాడు.

“ఎన్నింటికి పోవాల చెల్లెమ్మా?”

“పదకొండు లోపల అన్నా. బస్సు మమ్మల్ని దాటి పోయింది.”

“ఆ డ్రైవరు బస్టాండులో ఇడ్లీ తినంది కదలడు. ఎక్కు.”

టీ గ్లాసు నా చేతిలో పెట్టి, మోటారుసైకిలు స్టార్టు చేశాడు. ఆమె ఫైలు, చేతిసంచి మాత్రం తీసుకుని వెనక కూర్చుంది. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ‘జాగ్రత్త’ అన్నాను. ఇంత చేసినవాడు అనదగిన మాట కాదది. వాళ్ళు ఊళ్ళోకి తిరిగి పోయారు. నేను రోడ్డు పక్కన, పరుపుచుట్ట ఉన్న కారు పక్కన, ఒకరి ఎంగిలి టీ పట్టుకుని నిలబడ్డాను.

పావుగంటకు బావ తిరిగొచ్చాడు. “కదిలే బస్సును చెయ్యడ్డం పెట్టి ఆపినా. ఎక్కేసింది,” అన్నాడు. తర్వాత మూత తీశాడు. నాకు రెండు గంటలు పట్టిన పని ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. బెల్టును రెండు వేళ్ళతో పట్టుకుని మెలితిప్పబోయాడు. అది కదలలేదు.

“ఇది బెల్టా, కరెంటు తీగా? రెండు వేళ్ళతో తిప్పితే సగానికి తిరగాల. ఇట్ల లాగి కడితే ఇంకో నెలకు తెగిపోయేది.” తర్వాత పై చక్రం దగ్గర మొహం పెట్టి చాలాసేపు చూశాడు. “ఈ తెల్లంది ఏంది సారూ?”

“గుర్తు. సుద్దముక్కతో నేనే పెట్టినా.”

బావ దాన్ని గోరుతో గీకి వాసన చూశాడు. కొంచెం నుదుటికి కూడా రాసుకున్నాడు. “సుద్ద కాదు బామ్మర్దీ. ఈబూది.”

అప్పుడు అర్థమైంది. నేను టీ తాగుతుండగా మా అమ్మ పెట్టె మీదే కాదు, ఇంజనుకు కూడా బొట్టు పెట్టింది. నీళ్ళలో కలిపిన విభూతి ఆరి ఇనుముకు అతుక్కుపోయింది. పై చక్రం మీది నా సుద్దగీత నా చొక్కా చేతికే తుడిచిపెట్టుకుపోయింది. సుద్దగీత చేయి తగిలితే పోతుందని, పదహారేళ్ళుగా రోజుకు ఐదుసార్లు బోర్డు తుడిచేవాడికి తెలిసి ఉండాల్సింది. బావ డీజిలు గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే చక్రం మీద తయారీవాళ్ళు పెట్టిన గాటు బయటపడింది. మొదటినుంచీ అక్కడే ఉంది.

“కంపినీవాడి గుర్తు ఈడ ఉండాది. నువ్వు దేవుని గుర్తుకు కట్టినావు. ఒక పల్లు పక్కన పడినాది. అంతే.”

“మా అమ్మ ఉండాదే...” అని మొదలుపెట్టాను.

“అత్తను అనద్దు. ఆమె బొట్టు పెట్టేదానికి పోయింది, పెట్టింది. నువ్వు ఏం సేసేదానికి పోయినావో అది సూసుకో.”

టార్చి పట్టుకున్నాను. ఆయన బెల్టు తీసి, గాటును గాటుకు కలిపి, మళ్ళీ వేశాడు. బిగువు దగ్గరికి వచ్చేసరికి చిన్న చక్రం బోల్టు వదులు చేసి, చెయ్యి తీసేశాడు. స్ప్రింగు టక్కుమంది. ఇంజనును రెండు చుట్లు చేత్తో తిప్పి, బోల్టు బిగించాడు. “దాన్ని వదిలేయాల. ఎంత కావాల్నో అదే తీసుకుంటాది,” అన్నాడు. ఆ మాటలో ఏదో పెద్ద అర్థం ఉందనిపించి నేను గంభీరంగా మొహం పెట్టాను. ఆయన బెల్టు గురించే చెప్పాడు. “టార్చి కిందికి పెట్టు, నా కండ్లలోకి కాదు,” అన్నాడు.

చేతిలో టార్చి ఉంది గానీ నా ధ్యాసంతా జేబులో ఉన్న ఫోను మీదే ఉంది. తొమ్మిదిన్నర. బస్సు వి.కోట దాటి ఉంటుందా? టైరు పంక్చరయితే? కుప్పంలో ఆటో దొరక్కపోతే? జాబితాలో తర్వాతి పేరు ఎవరిదో, ఆమె ఇప్పటికే ఆ గేటు దగ్గర నిలబడి ఉందేమో! ఇన్ని భయాల మధ్య ఇంకో ఆలోచన వచ్చింది, అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేను నిజంగా ఆమెను చేర్చడానికే బయలుదేరానా? బస్సు ఉంది. బావ ఉన్నాడు. ఆదివారం కాకుండా ఇంకో రోజు ఉంది. అన్నీ ఉండగా, ఆమె జీవితంలో ఆలస్యం కాకూడని ఒక్క ఉదయాన్ని తీసుకుపోయి, ఎన్నడూ బోల్టు విప్పని నా చేతుల్లో పెట్టాను. ‘అక్కడే ఉండాలి’ దగ్గర నాలుగుసార్లు ఆగిన మనిషిని. కావాలని చేయలేదు, అది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆమె నేను లేకుండా పోగలదన్న సంగతి నాకు నచ్చలేదు. ఆ నచ్చకపోవడం బెల్టు బిగించేటప్పుడు నా చేతుల్లో ఉందో లేదో ప్రమాణం చేయలేను.

పదీ నలభైకి ఫోను మోగింది.

“చేరినానప్పా. సంతకం పెట్టినాను.” వెనకాల పిల్లల గోల. “మధ్యాన్నం ఎనిమిదో తరగతికి పోవాలంట. నేను మళ్ళా చేస్తా.”

పెట్టేసింది. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. సంతోషమే, అబద్ధం కాదు. బావ చూశాడు, చూసి స్పానర్లు తుడవడంలో మునిగిపోయాడు. ఊరికే ఉండడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు.

మధ్యాహ్నం అక్క పెట్టిన అన్నం తిని, సామాను తీసుకుని కుప్పం బయలుదేరాను. బండి నీళ్ళలో పడవలాగా పోయింది. కూత లేదు, వణుకు లేదు. పలమనేరు దాటాక కూడా నేను చెవి రిక్కించి వింటూనే ఉన్నాను. వినడానికేమీ లేకపోవడం కొంచెం అవమానంగా కూడా ఉంది.

బడి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. పెద్దాయన, మాటల్లో అరవం ఎక్కువ. “మొగోళ్ళు ఉళ్ళే, లోపలికి పోకూడదు. ఎవురు కావాల?”

“కొత్తగా చేరిన లెక్కల మేడం సామాన్లు.”

“ఓ, డ్రైవరా? ఆడ గోడకాడ పెట్టి పో.”

ఏమాటకామాట చెప్పుకోవాలి, ఆరోజు ఉదయం నా బండి నడక చూసినవాడెవడూ నన్ను ఆ మాట అనడు. అందుకే కాదనలేదు. పరుపుచుట్ట, పెట్టె, బకెట్టు గోడ పక్కన దించుతుంటే ఆమె వచ్చింది. వెనక ముగ్గురు పిల్లలు. మనిషి నడకే వేరుగా ఉంది. మా ఇంట్లో వంటింటికీ వరండాకీ మధ్య తిరిగే నడక కాదు. నిలబడి చూశాను. నాకు తెలియని మనిషిని చూస్తున్నట్టుంది, చూసినకొద్దీ చూడాలనిపించింది.

“మా ఇంటాయన,” అని వాచ్‌మన్‌తో చెప్పింది. ఆయన గబుక్కున లేచి తలపాగా సర్దుకున్నాడు. “బండి సరిగ్గా వచ్చిందా?” అంది నాతో.

“వచ్చింది. నేను తప్పు కట్టినాను. బావ సరి చేసినాడు.” ఇంత చిన్న మాట అనడానికి నూరు కిలోమీటర్లు పట్టింది. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. క్షమించమని, గర్వంగా ఉందని, ఇల్లు ఎట్లా ఉంటుందో నువ్వు లేకుండా అని. “దుప్పటి ఇంకోటి తెచ్చుండాల్సింది. ఈడ చలి ఎక్కువంట,” అన్నాను.

ఆమె నవ్వింది. గంట కొట్టారు. పిల్లలు పరుపుచుట్టను ముగ్గురూ కలిసి ఎత్తుకున్నారు. ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“శనివారం ఆరు గంటల బస్సుకు దిగుతా. బస్టాండుకు నడిచి రా. బండి వద్దు. నువ్వు రా, చాలు.”

ఆ శనివారం నేను ఐదింటికే పోయి నిలబడ్డాను.